కంప్యూటర్‌ను స్టీరియోకు కలిపితే గుంయ్‌మనే రొద: సమస్య - పరిష్కారం

కంప్యూటర్‌లోని పాటలను ఇంట్లోని ఆంప్లిఫయర్ ద్వారా మంచి స్పీకర్లలో వినాలనుకొని, తీగలన్నీ సరిగానే కలిపి, తీరా పాట పెట్టబోయేసరికి వెనుక నుంచి గుంయ్‌మనే రొద వినబడి నిరాశపడినవారి కోసం ఇది రాస్తున్నాను. ఏ పిన్ను ఎక్కడ గుచ్చాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. హైదరాబాద్‌లో బంధువుల ఇళ్ళలో, స్నేహితుల ఇళ్ళలో ఈ రొదను వదిలించే పని నేను చాలాసార్లు చేశాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ నేను వెళ్ళేసరికే ఖరీదైన కొత్త తీగలు కొని ఉంటారు, కొందరు కొత్త డాక్ (కంప్యూటర్‌లోని డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు పనికివచ్చే సంకేతంగా మార్చే చిన్న పెట్టె) కూడా కొని ఉంటారు. ఛార్జర్ పీకి విన్నారా అని అడిగితే మాత్రం విన్నామని ఎవరూ చెప్పరు.

పైసా ఖర్చు లేని ఆ పరీక్షను దయచేసి అన్నిటికంటే ముందు చేయండి. పాట ఆపి, ఆంప్లిఫయర్ వాల్యూమ్‌ను మీరు మామూలుగా వినే చోటనే ఉంచి, ల్యాప్‌టాప్ నుంచి ఛార్జర్‌ను తీసివేయండి. రొద పూర్తిగా ఆగిందా, తగ్గిందా, అలాగే ఉందా అన్నది గుర్తుపెట్టుకోండి. దీని అర్థం ఏమిటో కింద వివరిస్తాను. ఆ అర్థాన్ని తప్పుగా తీసుకోవడం వల్లనే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

శబ్దమే రాకపోతే, లేదా వింతగా వస్తే

ఇవి తేలిక సమస్యలు కాబట్టి త్వరగా ముగిస్తాను. శబ్దం అసలే రాకపోతే కంప్యూటర్ దానిని ఎటు పంపుతోందో సౌండ్ సెట్టింగ్స్‌లో చూడండి. హెచ్‌డీఎమ్‌ఐ తీగతో టీవీని తగిలించినప్పుడు విండోస్ చాలాసార్లు తనంతట తానే శబ్దాన్ని టీవీకి మళ్ళిస్తుంది. టీవీ ఆపి ఉంటే ఇల్లంతా నిశ్శబ్దంగానే ఉంటుంది.

వాద్యాలు వినబడుతూ గాయకుడి గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్లు ఉంటే, లేదా పూర్తిగా మాయమైతే, 3.5 మిల్లీమీటర్ల పిన్ను చివరి వరకు దిగలేదని అర్థం. ఎడమ, కుడి ఛానెళ్ళు రెండింటికీ ఉమ్మడిగా ఉండవలసిన గ్రౌండ్ (తిరుగుదారి) తగలనప్పుడు, స్పీకర్లలో ఆ రెండింటి మధ్య తేడా మాత్రమే వినబడుతుంది. గొంతును సాధారణంగా రెండు ఛానెళ్ళలోనూ సమానంగా ఉంచుతారు కాబట్టి ముందుగా పోయేది అదే. ల్యాప్‌టాప్‌కు లావుపాటి కవరు ఉంటే దాన్ని తీసి పిన్నును గట్టిగా నొక్కండి.

శబ్దం చాలా పెద్దగా, పగిలిపోయినట్లు, బేస్ ఉబ్బిపోయి వస్తుంటే తీగను ఫోనో అని రాసి ఉన్న సాకెట్లలో పెట్టారేమో చూడండి. ఆ సాకెట్లు రికార్డు ప్లేయర్ సూది పంపే 5 మిల్లీవోల్టుల వంటి చిన్న సంకేతం కోసం పెట్టినవి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఇంచుమించు 1 వోల్టు వరకు వస్తుంది, అంటే దానికి 200 రెట్లు. ఆక్స్, సీడీ, ట్యూనర్ అని రాసి ఉన్నవాటిలో దేనికైనా మార్చండి. అలాగే కంప్యూటర్‌లో వాల్యూమ్‌ను 90 దగ్గర ఉంచి, తగ్గించడం, పెంచడం ఆంప్లిఫయర్ దగ్గర చేయండి. కంప్యూటర్‌లో 20 పెట్టి ఆంప్లిఫయర్‌ను పూర్తిగా తిప్పితే ఎంత మంచి పరికరమైనా బుస కొడుతుంది.

గుంయ్‌మనే రొద

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. ఈ రొదలో వినబడేది ఆ 50 హెర్ట్‌జ్, దాని గుణిజాలైన 100, 150 వగైరాలు. దీనితోపాటు మౌస్ కదిపినప్పుడల్లా, పేజీ జరిపినప్పుడల్లా సన్నగా కీచుమనే శబ్దం మారుతూ వస్తే అది కూడా చాలావరకు ఇదే కుటుంబానికి చెందినది.

మొదట ఆంప్లిఫయర్‌ను అనుమానం నుంచి తప్పించండి. దాని వెనుక ఉన్న తీగలలో స్పీకర్లవి తప్ప మిగతావన్నీ తీసేసి వినండి. అప్పుడూ రొద ఉంటే లోపల ఫిల్టర్ కెపాసిటర్లు పాతబడి ఉంటాయి, మంచి మెకానిక్‌కు ఇవ్వండి. రొద పోయిందంటే ఆంప్లిఫయర్ బాగానే ఉంది, సమస్య ఎర్త్ లూప్.

లూప్ అంటే ఏమిటో ఒక్కసారి మనసులో బొమ్మ గీసుకుంటే ఇక ఎవరినీ అడగనవసరం ఉండదు. ఆంప్లిఫయర్ వెనుక గుండ్రటి సాకెట్లలో పెట్టే ఆర్‌సీఏ తీగలో మధ్య తీగ మీద సంకేతం వెళుతుంది, చుట్టూ ఉన్న జాలీ పొర దానికి తిరుగుదారి. ఆ జాలీ అటు కంప్యూటర్ లోహపు శరీరానికీ, ఇటు ఆంప్లిఫయర్ లోహపు శరీరానికీ కలిసి ఉంటుంది. రెండు పరికరాలూ రెండు వేర్వేరు దారులలో భూమికి చేరితే, ఆ రెండు భూముల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజి వల్ల జాలీ గుండా 50 హెర్ట్‌జ్ కరెంటు పారుతుంది. జాలీ నిరోధం 0.1 ఓము అనుకుందాం, దానిలో 10 మిల్లీఆంపియర్లు పారినా 1 మిల్లీవోల్టు పుడుతుంది. గృహ పరికరాలలో లైన్ సంకేతపు ప్రామాణిక స్థాయి సుమారు 316 మిల్లీవోల్టులు. మూడు వందలలో ఒక వంతే కదా అనిపించవచ్చు గాని, వీణ మీద ఆలాపన సాగుతున్నప్పుడు రెండు మీటుల మధ్య వచ్చే నిశ్శబ్దంలో అది స్పష్టంగా వినబడుతుంది.

ఇప్పుడు ఛార్జర్ పరీక్ష దగ్గరకు వద్దాం. ఛార్జర్ పీకగానే రొద ఆగితే చాలామంది ఛార్జర్ చెడిపోయిందనుకొని కొత్తది కొంటారు. కొత్తదానితోనూ అదే రొద వస్తుంది. లూప్‌ను ఏ చోట తెంచినా రొద ఆగుతుంది కాబట్టి, మీరు పీకిన తీగకే తప్పు అంటగట్టకూడదు. ఛార్జర్ పరీక్ష మీకు చెప్పేది లూప్ ఉన్నదని మాత్రమే. త్రీ పిన్ ఛార్జర్ ఎర్త్ అందులో ఒక కొస. రెండో కొస ఎక్కడ ఉందో వెదకడమే అసలు పని, ఆ రెండో కొస దగ్గరే నేను ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నాను.

మలక్‌పేటలో మా పెదనాన్నగారి ఇంట్లో పాత ఆంప్లిఫయర్‌కు డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను కలిపాను. రొద వచ్చింది. కంప్యూటర్ తీగ పీకితే ఆగుతోంది, పెడితే వస్తోంది. బ్యాటరీ మీద నడిచే నా ల్యాప్‌టాప్ పెడితే అసలు లేదు. అందువల్ల తప్పు డెస్క్‌టాప్‌దేనని గట్టిగా నమ్మాను. దాని పవర్ సప్లై మార్చాను, వేరే సౌండ్ కార్డు వేశాను, తీగలు మార్చాను, కంప్యూటర్, ఆంప్లిఫయర్, టీవీ అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీదికి తెచ్చాను. నాలుగు ఆదివారాలు గడిచాయి, రొద మాత్రం కదలలేదు. ఐదో వారం కేబుల్ టీవీ కుర్రాడు వచ్చి, బొమ్మ చారలుగా వస్తోందని సెట్‌టాప్ బాక్సు వెనుక ఉన్న కేబుల్ కనెక్టర్ విప్పాడు. ఆ క్షణంలో గదిలో రొద ఆగిపోయింది. పక్కనే కూర్చున్న పెదనాన్నగారు నాకంటే ముందు గమనించి, "ఏరా, ఇప్పుడు ఏం చేశావు?" అని అడిగారు. నేనేమీ చేయలేదు.

జరిగిందేమిటంటే, టీవీ శబ్దం కూడా స్పీకర్లలో వినాలని సెట్‌టాప్ బాక్సు నుంచి అదే ఆంప్లిఫయర్‌కు ఎప్పుడో ఒక ఆర్‌సీఏ తీగ వేసి ఉంది. ఆంప్లిఫయర్‌కు టూ పిన్ ప్లగ్, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్‌కూ టూ పిన్నే, కాబట్టి ఆ వైపు నుంచి ఎర్త్ రాదని నేను లెక్క వేసుకున్నాను. కానీ వీధి స్తంభం మీద నుంచి, మేడల మీద నుంచి, దారిలో కేబుల్‌వాళ్ళ ఆంప్లిఫయర్లను దాటుకుంటూ వచ్చే ఆ కేబుల్ పైపొర ఎక్కడో దూరాన భూమికి కలిసి ఉంటుంది. ఆ దూరపు భూమికీ మన ఇంటి త్రీ పిన్ సాకెట్ ఎర్త్‌కూ మధ్య ఉన్న వోల్టేజి మొత్తం మన ఆడియో తీగల జాలీల మీద పడింది. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఉన్నా ప్రయోజనం లేకపోవడానికి కారణం ఇదే, రెండో ఎర్త్ గోడ సాకెట్ నుంచి రావడం లేదు. ఆ రోజు విప్పిన కేబుల్ పైపొరకూ ఆంప్లిఫయర్ శరీరానికీ మధ్య మల్టీమీటర్ పెడితే 30 వోల్టులు దాటి చూపింది. అంత వోల్టేజి కనబడినా దాని వెనుక కరెంటు చాలా స్వల్పంగా ఉండవచ్చు, అయినా వట్టి చేతులతో రెండింటినీ ఒకేసారి పట్టుకోవడం మంచిది కాదు. ఆంప్లిఫయర్ ఆపి, కేబుల్ విప్పి, మళ్ళీ ఆన్ చేసి వినండి.

ఇందులో మోసపుచ్చే విషయం మరొకటి ఉంది. ఆంప్లిఫయర్ మీద టీవీ కాక కంప్యూటర్ ఇన్‌పుట్‌ను ఎంచుకున్నాం కదా, టీవీ తీగ సంగతి ఎందుకని అనిపిస్తుంది. ఆ మీట సాధారణంగా మధ్య తీగలను మాత్రమే మారుస్తుంది, సాకెట్ల బయటి వలయాలన్నీ లోపల ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఎంచుకోని ఇన్‌పుట్ కూడా లూప్‌లో భాగమే.

కాబట్టి పరీక్ష చేయవలసిన క్రమం ఇది. ఛార్జర్ పీకి విన్నాక దానిని మళ్ళీ పెట్టండి, రొదను తిరిగి రానివ్వండి, అప్పుడు టీవీ కేబుల్ విప్పండి. ఛార్జర్ ఉండగానే రొద ఆగితే రెండో కొస దొరికింది. ఛార్జర్ పీకినా రొద ఆగని ఇళ్ళు కూడా ఉన్నాయి. అక్కడ ఆంప్లిఫయర్‌కే త్రీ పిన్ ప్లగ్ ఉండి, ల్యాప్‌టాప్ నుంచి టీవీకి హెచ్‌డీఎమ్‌ఐ తీగ వెళుతూ ఉంటుంది. టీవీ కేబుల్ ఎర్త్ ఆ హెచ్‌డీఎమ్‌ఐ గుండా ల్యాప్‌టాప్‌కు, అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌కు చేరుతుంది. ఇంటర్నెట్ కోసం వచ్చే మామూలు ఈథర్‌నెట్ తీగను మాత్రం అనుమానించకండి, దాని సాకెట్ల లోపల ట్రాన్స్‌ఫార్మర్లు ఉండి విద్యుత్ సంబంధాన్ని తెంచుతాయి. లోహపు కవచం ఉన్న రకమైతే అప్పుడు చూడండి.

ఎలా సరిచేయాలి

నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఆప్టికల్ తీగ. అందులో వెళ్ళేది కాంతి, రాగి సంబంధమే ఉండదు కాబట్టి లూప్ అక్కడే తెగిపోతుంది. కంప్యూటర్‌కు ఆప్టికల్ అవుట్‌పుట్ లేకపోతే యూఎస్‌బీ నుంచి ఆప్టికల్‌కు మార్చే చిన్న పెట్టె పెట్టుకొని, ఆంప్లిఫయర్ పక్కన ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డాక్ ఉంచండి. సీడీ నాణ్యత అయిన 44.1 కిలోహెర్ట్‌జ్, 16 బిట్లు దీని గుండా ఏ మార్పూ లేకుండా వెళతాయి. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఆ డాక్‌కు కావలసిన 5 వోల్టుల కరెంటును అదే కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. ఇస్తే మీరు కాంతితో తెంచిన లూప్‌ను కరెంటు తీగతో మళ్ళీ కలిపినట్లే. ఆప్టికల్ పెట్టినా రొద పోలేదని నన్ను పిలిచిన రెండు ఇళ్ళలోనూ కారణం ఇదే. టూ పిన్ మొబైల్ ఛార్జర్ వాడితే సరిపోతుంది. నేరుగా యూఎస్‌బీతో నడిచే డాక్ కొన్నా ఇదే ఇబ్బంది, యూఎస్‌బీ తీగలోని గ్రౌండ్ అటునుంచి ఇటు ఏకంగా వస్తుంది.

దోషం టీవీ కేబుల్‌దని తేలిన ఇళ్ళలో గాల్వానిక్ ఐసొలేటర్ అనే చిన్న ముక్కను ఆ కేబుల్‌కూ సెట్‌టాప్ బాక్సుకూ మధ్య పెట్టవచ్చు. టీవీ సంకేతాన్ని వెళ్ళనిచ్చి 50 హెర్ట్‌జ్‌ను ఆపడమే దాని పని. ఇది కేబుల్ కనెక్షన్‌కే పనికివస్తుంది. డిష్ ఉన్న ఇంట్లో పెడితే డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి (సంకేతాన్ని అందుకునే భాగానికి) బాక్సు నుంచి వెళ్ళవలసిన 13 లేదా 18 వోల్టుల కరెంటు ఆగిపోయి టీవీయే రాదు. డిష్ ఉన్నవారు బాక్సు నుంచి ఆంప్లిఫయర్‌కు వెళ్ళే ఆర్‌సీఏ తీగను తీసేసి, టీవీ వెనుక ఉండే ఆప్టికల్ అవుట్‌పుట్‌ను వాడుకోవడం మేలు.

తక్కువ ఖర్చులో కావాలంటే ఆర్‌సీఏ తీగ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్లు దొరుకుతాయి. కోఠీ గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో అడగండి. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. రొద పోతుంది గాని చవక రకాలలో కింది స్వరాలు పలచబడతాయి, మృదంగం తొప్పి వైపు నాదం వింటే తేడా తెలుస్తుంది. సినిమా పాటలకు సర్దుకోవచ్చు, శ్రద్ధగా వినేవారికి నేను సూచించను.

చేయకూడనిది ఒకటి గట్టిగా చెప్పాలి. త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, లేదా దానిని టూ పిన్ అడాప్టర్‌లో గుచ్చడం వల్ల రొద పోయే మాట నిజమే. అలా చేయమని సలహా ఇచ్చే మెకానిక్‌లూ ఉన్నారు. లోపల ఎప్పుడైనా ఫేజ్ తీగ లోహపు పెట్టెకు తగిలితే, ఆ కరెంటును భూమిలోకి పంపి ఫ్యూజును కొట్టించేది ఆ పిన్నే. పిల్లలు తాకే పరికరానికి ఆ రక్షణ తీసేయకండి. ల్యాప్‌టాప్ లోహాన్ని తాకితే చేయి జివ్వుమంటుంటే సాకెట్‌లో ఎర్త్ రంధ్రం ఉన్నా దాని వెనుక తీగ లేకపోవచ్చు, పాత ఇళ్ళలో ఇది సాధారణం. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. మన నగరంలో చాలాచోట్ల నేల రాతినేల కావడం వల్ల ఎండాకాలంలో ఎర్త్ గొయ్యి త్వరగా ఎండిపోతుంది, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో దానిలో నీళ్ళు పోయిస్తూ ఉండండి.

మిగిలిన చిన్న విషయాలు

పాట మధ్యలో టక్ టక్‌మని తెగుతుంటే డాక్‌ను యూఎస్‌బీ హబ్ నుంచి తీసి నేరుగా కంప్యూటర్‌కు పెట్టండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపండి, పాటల ప్లేయర్‌లో బఫర్ పెంచండి. పాత విండోస్ 7 కంప్యూటర్ కొత్త డాక్‌ను గుర్తించకపోతే తయారీదారు డ్రైవర్ వేయాలి, 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి చాలా డాక్‌లకు ఆ అవసరం లేదు.

రొద కాక జర్రుమనే శబ్దం సాయంత్రాలు మాత్రమే వస్తుంటే గదిలోని ఫ్యాన్ రెగ్యులేటర్‌నో, లైట్ డిమ్మర్‌నో ఆపి వినండి. అరుదుగా అదే కారణమవుతుంది, రెగ్యులేటర్ మారిస్తే పోతుంది.