ఎర్లీ డెసిషన్ వేసే ముందు డబ్బు లెక్క తేల్చుకోండి

అమెరికాలో డ్యూక్, కార్నెల్ లాంటి యూనివర్సిటీలకి నవంబర్ 1 లోపు ఎర్లీ డెసిషన్ (ఒక్క కాలేజీకే కట్టుబడి ముందుగా పెట్టే అప్లికేషన్) వేద్దామనుకుంటే, అప్లికేషన్ వ్యాసాలకంటే ముందు ఇంట్లో డబ్బు సంగతి మాట్లాడుకోండి. సీటొస్తే చేరి తీరాలి, మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి, ఆ ఒప్పందం మీద పిల్లలతోపాటు తల్లిదండ్రులు, స్కూల్ కౌన్సెలర్ కూడా సంతకం పెడతారు, అంటే వేరే కాలేజీ ఎక్కువ ఎయిడ్ (చదువు ఖర్చుకి ఆర్థిక సాయం) ఇస్తుందేమో పోల్చి చూసుకునే వీలే ఉండదు. అక్కడే ఉంటున్నవాళ్లయితే కాలేజీ సైట్లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (ఎయిడ్ పోను మీకు ఎంత ఖర్చవుతుందో అంచనా చెప్పేది) తెరిచి జీతం, పొదుపు, అద్దెకిచ్చిన రెండో ఇల్లు ఏదీ దాచకుండా వేసి చూడండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వేసేవాళ్లకి ఆ లెక్క సరిగా కుదరదు, పైగా చాలా చోట్ల ఎయిడ్ అడగడం సీటు మీదే ప్రభావం చూపిస్తుంది, అందుకని అడ్మిషన్ ఆఫీసుకి ముందే మెయిల్ పెట్టండి. లెక్క తేలకపోతే యేల్, ప్రిన్స్‌టన్ లాంటి చోట్ల ఎర్లీ యాక్షన్ (ముందుగా వేసినా, చేరి తీరాలన్న కట్టుబాటు లేనిది) నయం, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు.