లారీకి వెల్డింగ్ పెట్టాక బండి మొరాయిస్తే: సమస్య - కారణం - పరిష్కారం

విజయవాడ ఆటోనగర్‌లో ఏ సందులోకి వెళ్లినా ఏదో ఒక లారీకి వెల్డింగ్ జరుగుతూనే ఉంటుంది. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ ప్లాంటు బూడిద తోలే టిప్పర్లకు బాడీ పగుళ్లిస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకు తిరిగే లారీలకు తాళ్లు కట్టే కొక్కేలు ఊడతాయి. పాత బండ్లకైతే బ్యాటరీ కూడా తీయకుండా రాడ్డు అంటించేసేవారు. పోతే డైనమో పోయేది, అంతే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేనాటికి అదే చాసిస్ మీద ఇంజిన్ ఇసిఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె), ఏబీఎస్ యూనిట్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), నాక్స్ సెన్సర్లు (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేవి), యూరియా పంపు (పొగను శుభ్రం చేసే ద్రావణాన్ని పంపేది), జీపీఎస్ పెట్టె అన్నీ చేరాయి. పని అలవాటు మాత్రం పాతదే. యజమాని వెల్డింగ్‌కి ఇచ్చే డబ్బు ఎంతో ఉండదు, పాడైన ఇసిఎం ధర మాత్రం ఒక నెల కిస్తీని మింగేస్తుంది.

ముందు ఒక్క విషయం: "బ్యాటరీ తీశాం కదా" అంటే చాలదు

బ్యాటరీ తీయాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ బ్యాటరీ తీసినా ఇసిఎం ఎర్త్ వైర్లు చాసిస్‌కి బోల్టు వేసే ఉంటాయి. వెల్డింగ్ కరెంటు రాడ్డు దగ్గర మొదలై ఎర్త్ క్లాంప్‌కి (సెట్టు రెండో కేబుల్ చివర ఉండే పట్టుకి) చేరాలి. మధ్యలో ఎన్ని దారులుంటే అన్ని దారుల్లోనూ పంచుకుని పోతుంది. 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకి 120 ఆంపియర్లు పెట్టారనుకోండి. దారిలో తుప్పు పట్టిన జాయింటు ఒకటి 0.1 ఓమ్ అడ్డం పడితే అక్కడే 12 వోల్ట్‌ల తేడా పుడుతుంది. ఆ జాయింటుకి అటొక ఎర్త్ బోల్టు, ఇటొక ఎర్త్ బోల్టు ఉంటే ఆ తేడా వైరింగ్‌లోకి, అక్కడి నుంచి యూనిట్‌లోకి వెళుతుంది. సర్క్యూట్ బోర్డు మీది సన్నటి రాగి గీత ఆ కరెంటుకి ఎంతసేపు ఆగుతుంది?

అందుకే బండిని కాపాడేది ముఖ్యంగా ఎర్త్ క్లాంప్ ఉన్న చోటు. అతుకు వేసే ముక్క మీదే, అతుక్కి జానెడు దూరంలో, గ్రైండర్‌తో పెయింటు, తుప్పు గీకి తెల్లటి ఇనుము కనిపించేలా చేసి బిగించాలి. బంపర్‌కో, చక్రం నట్టుకో తగిలించి వెనక డాలా (బాడీ పలక) దగ్గర వెల్డింగ్ చేస్తే కరెంటు బండి మొత్తం తిరిగొస్తుంది.

సమస్య: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. లేదా డాష్‌బోర్డులో ముళ్లన్నీ పడిపోయాయి

వెంటనే "ఇసిఎం పోయింది" అనకండి. చాలాసార్లు తప్పు ఇంకా చిన్న చోటే ఉంటుంది. బ్యాటరీ టెర్మినళ్లు బిగుతుగా ఉన్నాయా, బ్యాటరీ పక్కన ఉండే పెద్ద ఫ్యూజులు, ఇసిఎం ఫ్యూజులు బాగున్నాయా చూడండి. ఫ్యూజును కంటితో చూసి వదిలేయకుండా మీటర్ పెట్టండి. వెల్డింగ్ కోసం పీకిన కప్లర్లు (వైరింగ్ ప్లగ్గులు) టక్కున లాక్ అయ్యాయా? చాసిస్ మీది ఎర్త్ బోల్టులు విప్పి, రింగు కింద నల్లగా కాలిన మచ్చ ఉంటే శుభ్రం చేసి మళ్లీ బిగించండి. బాడీ వాళ్లు ఆ బోల్టు మీదే పెయింటు కొట్టేసి ఉంటారు, అదీ చూడండి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు క్యాన్ లైను. యూనిట్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు మెలితిప్పిన వైర్లు ఇవి. రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది. బ్యాటరీ తీసేసి, స్కానర్ పెట్టే సాకెట్‌లో మీటర్ ఓమ్స్‌లో పెట్టి కొలవండి. 16 పిన్నుల సాకెట్ అయితే 6, 14. గుండ్రటి 9 పిన్నుల సాకెట్ అయితే సి, డి. 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, లేదా ఆ చివరి యూనిట్ పోయింది. సున్నాకి దగ్గరగా వస్తే రెండు వైర్లు కలిసిపోయాయి, లేదా ఏదో యూనిట్ లోపల షార్ట్ అయింది. అప్పుడు ఒక్కో యూనిట్ కప్లర్ పీకుతూ కొలవండి. ఏది పీకితే సున్నా పోతుందో దొంగ అదే. మధ్యలో గేట్‌వే (క్యాన్ లైన్లను కలిపే పెట్టె) ఉన్న బండ్లలో సాకెట్ దగ్గరి కొలత వేరేగా రావచ్చు. వాటికి వైరింగ్ బొమ్మ చూసే కొలవాలి.

సమస్య: బండి స్టార్టవుతోంది, చార్జింగ్ లేదు

24 వోల్ట్‌ల బండిలో ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీల దగ్గర 27, 28 వోల్ట్‌లు ఉండాలి. 24, 25 దగ్గరే నిలబడితే డైనమో డయోడ్లు ఎగిరినట్టు అనుమానించండి. బ్యాటరీ తీయకుండా వెల్డింగ్ చేసినప్పుడు మొదట బలయ్యేది అదే. విప్పించి డయోడ్ ప్లేటు, రెగ్యులేటర్ రెండూ చూపించండి. డైనమో పని చేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ లాగే పాత పద్ధతిని మాత్రం దయచేసి మానేయండి. ఆ క్షణంలో డైనమో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి, వెల్డింగ్‌లో బతికిపోయిన యూనిట్లను కూడా తీసుకుపోతుంది.

సమస్య: ఏబీఎస్ లైటు ఆరడం లేదు. కొన్నాళ్లకు హబ్బులో మోత

ఎర్త్ క్లాంప్ చక్రం దగ్గర పెట్టి ఉండొచ్చు. అలా పెడితే కరెంటు హబ్ బేరింగుల గుండా దాటుతుంది. బేరింగు రోలరు ట్రాక్‌ని తాకే చోట సన్నటి మెరుపులు పుట్టి ఇనుము కరుగుతుంది. విప్పి ట్రాక్‌ని గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. సూది మొనలంత గుంటలు కనిపిస్తాయి, వేలిగోరు నడిపిస్తే గరగరలాడుతుంది. గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించినా లాభం లేదు, బేరింగు మార్చాల్సిందే. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకూ, గేర్‌బాక్స్ బేరింగులకూ ఇదే జబ్బు వస్తుంది. వెల్డింగ్ అయిన రోజునే కనపడదు కాబట్టి ఎవరూ వెల్డింగ్‌ని తప్పు పట్టరు, "స్పేర్ పార్ట్ నాసిరకం" అనుకుంటారు.

ఏబీఎస్ లైటు ఒక్కటే సమస్య అయితే ముందు వీల్ సెన్సర్ వైరు కాలిందేమో చూడండి. నిప్పురవ్వలు పడి వైరు కరగడం కూడా మామూలే.

రాడ్డు అంటించే ముందు

తాళం ఆపి కొన్ని నిమిషాలు ఆగాలి. బీఎస్-6 బండ్లలో తాళం ఆపాక యూరియా పంపు లైన్లలో మిగిలిన యూరియాను వెనక్కి లాగుతుంది. అది పూర్తికాకముందే బ్యాటరీ తీస్తే లైన్లో యూరియా గడ్డకట్టి ఇంకో తలనొప్పి. తర్వాత నెగటివ్ ముందు, పాజిటివ్ వెనక విప్పండి. బిగించేటప్పుడు నెగటివ్ చివర.

"కటాఫ్ స్విచ్ (బ్యాటరీ కరెంటు ఆపేది) ఆపాం, సరిపోదా అన్నా?" అని డ్రైవర్లు అడుగుతారు. సరిపోదు తమ్ముడూ. జీపీఎస్ లాంటివి చాలా బండ్లలో కటాఫ్ దాటకుండా నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటాయి. అతుకు యూనిట్ దగ్గర్లో పడుతుంటే దాని కప్లర్ కూడా పీకి, ప్లాస్టిక్ కవర్ కట్టండి. బ్యాటరీకి తగిలించే సర్జ్ ప్రొటెక్టర్లు వోల్టేజ్ ఎగిసిపడటాన్ని కొంత ఆపుతాయి, బేరింగుల్లో పోయే కరెంటుని ఆపలేవు. వెల్డింగ్ కేబుళ్లు బండి వైరింగ్ పక్కన పరవకండి. నైలాన్ బ్రేకు పైపుల మీద తడిగుడ్డ వేయండి, డీజిల్ ట్యాంకు దగ్గరైతే దాన్ని దించేయండి.

బ్యాటరీ దిగిపోయిందని వెల్డింగ్ సెట్టుతో బండి స్టార్ట్ చేయించేవాళ్లు ఉన్నారు. సెట్టులో రాడ్డు తగలనప్పుడు 60 నుంచి 80 వోల్ట్‌లు ఉంటాయి. 24 వోల్ట్‌ల బండికి అది పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

సమస్య: వెల్డింగ్ సెట్టు ట్రక్కు మీదే ఉంది. పని బయట చేస్తుంటే ట్రక్కు డాష్‌బోర్డు లైట్లు మిణుకుతున్నాయి

సైటుకి వెళ్లి పనిచేసే డీజిల్ సెట్టు ట్రక్కులకు వచ్చే సమస్య ఇది. కరెంటు బయటి పనిలోంచి మీ ట్రక్కులోకి వస్తోందంటే రెండింటికీ ఎక్కడో తాకిడి ఉంది. వెనక బంపర్‌కి బిగించిన వైసులో ముక్క పెట్టి అతుకుతున్నారా? క్లాంప్ ముక్కకే పెట్టండి, వైసు కాళ్ల కింద ఇన్సులేటింగ్ షీటు వేయండి. క్రేన్ కొక్కెం ముక్కని పట్టుకుని ఉంటే వైరు తాడు గుండా కూడా కరెంటు పోతుంది, తాడే పాడవుతుంది.

ఇవేవీ కాకపోతే కేబుల్ తొడుగు చూడండి. ట్రక్కు డాలా అంచుకి రాసుకుని తెగి ఉంటుంది. సెట్టు ఆపి, రెండు వెల్డింగ్ కేబుళ్లూ పని నుంచి విడదీసి ట్రక్కు మీదే ఉంచి, ఒక్కో వెల్డింగ్ టెర్మినల్‌కీ చాసిస్‌కీ మధ్య మీటర్ పెట్టండి. తక్కువ ఓమ్స్ చూపిస్తే కేబుళ్లు సెట్టు నుంచి విప్పి మళ్లీ కొలవండి. అప్పటికీ ఓమ్స్ పెరగకపోతే లీకు సెట్టులోనే ఉంది. టిగ్ వెల్డింగ్‌లో (టంగ్‌స్టన్ మొనతో చేసేది) హై ఫ్రీక్వెన్సీ స్టార్ట్ (మొన తాకకుండానే మెరుపు పుట్టించేది) వాడుతుంటే తాకిడి లేకపోయినా గాల్లోనుంచే అలజడి వస్తుంది. మొన తాకించి ఎత్తి మొదలుపెట్టే లిఫ్ట్ స్టార్ట్‌కి మార్చండి, రెండు కేబుళ్లు పక్కపక్కనే పరవండి, మిగిలిన కేబుల్‌ని ట్రక్కు మీద చుట్టగా వదలకండి.