ఈ వానల్లో జ్వరమొస్తే ముందు ఒళ్ళు చూడండి

పోయిన వారం చెన్నైలో అంబత్తూరు వైపు ఒక బిల్డింగు పని షెడ్డు నుంచి శ్రీకాకుళం ఆమెను మా వార్డుకు తీసుకొచ్చారు. అప్పటికి జ్వరం మొదలై ఎనిమిదో రోజు. డెంగీ పరీక్షలో ఏమీ రాలేదు, ప్లేట్‌లెట్లు మాత్రం పడిపోయాయి. ఇంట్లోవాళ్ళు బొప్పాయి ఆకు రసం పట్టిస్తూ, మందుల షాపు మాత్రలు వేస్తూ గడిపారు. ఊపిరి అందని స్థితిలో వచ్చింది. బట్టలు మారుస్తుంటే రొమ్ము కింద మడతలో చిన్న నల్ల పక్కు కనబడింది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం. ఆమె ఇంకా ఐసీయూలోనే ఉంది.

అక్టోబరు నుంచి చలికాలం పోయేదాకా చెన్నైలో ఇది ఉంటుంది. దోమల సంగతి, నిలవ నీళ్ళ సంగతి అందరూ చెబుతారు, నేను చెప్పను. ఇది దోమతో వచ్చేది కాదు. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే ఖాళీ ప్లాట్లలో ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుడితే వస్తుంది. ఇక్కడి తమిళులు ఉణ్ణి కాయ్చల్ అంటారు. కుట్టిన పది పన్నెండు రోజులకు జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. మనిషి నుంచి మనిషికి అంటదు కాబట్టి రోగిని దూరం పెట్టకండి.

మనుషుల్ని ముంచుతున్న తప్పు ఒక్కటే: ఒళ్ళు చూడకపోవడం. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, చుట్టూ ఎర్రగా ఉంటుంది. నొప్పి ఉండదు, దురదా ఉండదు. అందుకే రోగికే తెలియదు. పైగా అది చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుం దగ్గర చీర కట్టు కింద, మోకాలి వెనక, పిల్లలకైతే తలలో, చెవి వెనక దాక్కుంటుంది. అమ్మలూ అక్కలూ సిగ్గుపడి డాక్టరుకు చూపించరు, డాక్టరూ అడగరు. ఇంట్లో మీరే లైటు వేసి చూడండి.

పక్కు అందరికీ రాదు. లేదు కదా అని ఈ జ్వరం కాదనుకోవద్దు. మొదటి రోజుల్లో రక్త పరీక్షలోనూ తేలకపోవచ్చు. డెంగీ లేదని రిపోర్టు వస్తే ఊరట పడి ఇంటికి రాకండి, "స్క్రబ్ టైఫస్ కావచ్చా సార్?" అని నోరు తెరిచి అడగండి. ఆ పురుగు కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే బాక్టీరియా మన కణాల లోపల బతుకుతుంది. మందుల షాపులో చేతిలో పెట్టే అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ దాన్ని ఏమీ చేయలేవు. డాక్టరు రాసే డాక్సీసైక్లిన్ సకాలంలో పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. రోగం ముదిరినవాళ్ళకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరంలోకి ఎక్కిస్తే ఒక్కదానికన్నా బాగా పనిచేస్తుందని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ళు నడిపిన పరిశోధనలో 2023లో తేలింది. అయితే ఎవరికైనా అనుమానం తడితేనే ఆ మందు పడేది. అందుకే మళ్ళీ చెబుతున్నా, ఒళ్ళు చూడండి.

గడ్డి మీద, పొదల మీద బట్టలు ఆరేయొద్దు. షెడ్డులో నేల మీద పడుకోవద్దు, మంచమో బల్లో వేసుకోండి. ఖాళీ ప్లాటులోకి బహిర్భూమికి వెళ్ళాల్సివస్తే పొదల్లో కూర్చోకండి. పొదలు కొట్టే పనికి నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు. పని నుంచి రాగానే సబ్బుతో రుద్ది స్నానం, ఆ బట్టలు వేడినీళ్ళలో. ఇంటి చుట్టూ చెత్త ఉంచొద్దు, ఎలుకలు చేరతాయి. పక్కును గిల్లొద్దు, పసుపు పూయొద్దు, డాక్టరు చూసేదాకా అలాగే ఉంచండి. ఊరెళ్ళి పొలం పని చేసి వచ్చుంటే ఆ మాట చెప్పండి. గర్భిణి అయితే ముందే చెప్పండి, మందు మారుతుంది. మూడు రోజులు దాటిన జ్వరానికి షాపు మాత్రలు వద్దు. ఒళ్ళు చూడండి, వెనక వైపు కూడా. ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.