లారీ టైరు రోడ్డును పైన దెబ్బతీసిందా, కింద మట్టినా? తేల్చుకునే పద్ధతి

చక్రాల దారిలో రోడ్డు కుంగగానే పైన ఇంకో పొర తారు వేసేయడం మామూలు. కింద మట్టే లొంగిపోతే ఆ ఖర్చు దండగ, నాలుగు వానలు పడగానే గాడి మళ్లీ తేలుతుంది.

ముందు టైరు అచ్చు తీయండి. గట్టి చదును నేల మీద మిగతా చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, లోడుతో ఉన్న లారీ చక్రాన్ని జాకీతో లేపండి. ట్రెడ్‌కు (టైరు నేలను తాకే గాట్ల భాగానికి) సిరా పూసి, అట్టను కర్రతో కిందికి తోయండి (చెయ్యి పెట్టొద్దు). చక్రాన్ని మెల్లగా అట్ట మీదికి దించి, మళ్లీ లేపండి. అచ్చు వైశాల్యాన్ని గళ్ల కాగితంతో లెక్కగట్టి, చక్రం మీది బరువును దాంతో భాగిస్తే సగటు ఒత్తిడి తెలుస్తుంది. ఇది టైరులోని గాలి ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. అచ్చంగా సమానం కాదు, పక్కగోడలూ కొంత బరువు మోస్తాయి కదా.

చక్రం మీద 20 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2 టన్నులు, గాలి 700 కిలోపాస్కల్‌లు అనుకుందాం. అచ్చు 286 చదరపు సెంటీమీటర్లు. నేలంతా ఒకే రకమనుకుని బూసినెస్క్ సూత్రం (పైన పడ్డ భారం లోతున ఎంత ఒత్తిడిగా చేరుతుందో చెప్పేది) వేస్తే అర మీటరు లోతులో ఒత్తిడి సుమారు 36.5 కిలోపాస్కల్‌లు. గాలిని 560కి దించినా అక్కడ దాదాపు అంతే, 36! బరువు రెట్టింపు చేస్తే మాత్రం 70కి చేరుతుంది. గాలి ప్రభావం పై పొరలతోనే సరి, లోతున మట్టిని నలిపేది బరువు. అసలు రోడ్డులో గట్టి కంకర పొరలు భారాన్ని పరుస్తాయి కాబట్టి మట్టికి చేరేది ఇంకా తక్కువే.

గాడికి అడ్డంగా 3 మీటర్ల తిన్నని అల్యూమినియం పట్టీ పెట్టి చూడండి. గాడి ఇరుకుగా ఉండి అంచుల్లో తారు ఉబ్బితే లోపం తారు పొరలో ఉండొచ్చు. బ్రేకులు పడే చోట, ఎండల్లో ఇది ఎక్కువ. వెడల్పుగా, ఉబ్బు లేకుండా దిగితే కింది పొరలను అనుమానించండి. పగుళ్లలోంచి బురద నీరు చిమ్ముతుంటే నీరు లోపలికి దిగినట్టే. అప్పుడు పక్క కాలువ బాగుచేయకుండా తారు జోలికి వెళ్లొద్దు. సందేహముంటే గాడికి అడ్డంగా కందకం తవ్వి, ఏ పొర వంగిందో కళ్లారా చూడటమే మేలు.

అధిక లోడును తేలిగ్గా తీసుకోకండి. 1958–60లో అమెరికాలో జరిగిన ఆషో (AASHO, అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష నుంచి వచ్చిన నాలుగో ఘాతం లెక్క (నష్టం బరువును నాలుగుసార్లు గుణించినట్టు పెరుగుతుందనేది) ప్రకారం, ఇరుసు బరువు 20 శాతం పెరిగితే నష్టం రెట్టింపు దాటుతుంది. గాలి తగ్గించి సర్దుకుందామంటే కుదరదు: తయారీదారు పట్టికలో ఆ బరువుకు, ఆ వేగానికి చెప్పినదానికన్నా తగ్గితే టైరు వేడెక్కి పేలొచ్చు.