సిమ్ రిగ్‌కి మోషన్ ప్లాట్‌ఫామ్ కొనే ముందు

సిమ్ రిగ్ అంటే ఇంట్లో కార్ రేసింగ్ గేమ్ ఆడటానికి సీటు, స్టీరింగ్, పెడల్స్ బిగించిన సెటప్. గేమ్‌లో కారు కదలికకి తగ్గట్టు దాన్ని కదిలించేది మోషన్ ప్లాట్‌ఫామ్. అది కొనే ముందు పెడల్స్ సంగతి చూసుకోండి. లోడ్ సెల్ బ్రేక్ (ఎంత దూరం నొక్కారో కాకుండా ఎంత బలంగా నొక్కారో కొలిచే పెడల్) లేకుండా మోషన్‌కి డబ్బు పెట్టడం దండగ. మోషన్‌తో వెనక టైర్లు జారడం, కెర్బ్ (ట్రాక్ అంచు గట్టు) ఎక్కడం ఒంటికి తెలుస్తాయి, అది నిజంగా బాగుంటుంది. కానీ మలుపులో ఎక్కువసేపు ఉండే జీ-ఫోర్స్‌ని (ఒంటిని పక్కకి నెట్టే బలాన్ని) ఇంట్లో పెట్టుకునే ఏ ప్లాట్‌ఫామూ ఇవ్వలేదు, సీటు వంచి గురుత్వాకర్షణతో నమ్మిస్తుంది, అంతే. వీఆర్ వాడేవాళ్లు మోషన్ కాంపెన్సేషన్ (రిగ్ కదలికని హెడ్‌సెట్ లెక్కలోంచి తీసేసే ఏర్పాటు) పెట్టుకోవాల్సిందే, లేదంటే రిగ్ ఊగినప్పుడల్లా హెడ్‌సెట్ దాన్ని మీ తల కదలిక అనుకుని బొమ్మని జరిపేస్తుంది, కడుపులో తిప్పుతుంది. అపార్ట్‌మెంట్ అయితే ప్లాట్‌ఫామ్ చప్పుడు, అదురు వల్ల కింది ఇంటివాళ్లతో గొడవే. రబ్బరు ప్యాడ్లు కొంతవరకే ఆపుతాయి. ఇంటెన్సిటీ (కదలిక తీవ్రత) బాగా తగ్గించి మొదలుపెట్టండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ చేతికి అందేచోట బిగించండి. బడ్జెట్ లేదా? సీటు కింద బాస్ షేకర్ (శబ్దానికి బదులు అదురు పుట్టించే పరికరం), గేమ్‌లో జరిగేదాన్ని బట్టి దాన్ని అదిరించే సిమ్‌హబ్ సాఫ్ట్‌వేర్ చాలు.