కాపడం పెట్టిన తరువాత ఏం చేయాలి: కీళ్ళ నొప్పులకు, కండరాల నొప్పులకు ఇంటి ఉపశమనం

అనంతపురం జిల్లా పల్లెల్లో వేరుశనగ కలుపు తీసే రోజుల్లో ఆడవారు ఉదయం మొదలు పొద్దు వాలేవరకు గొంతుక్కూర్చుని సాళ్ళ వెంట జరుగుతారు. ధర్మవరంలో నేతపనివారు గుంట మగ్గంలోకి కాళ్ళు దించి, నడుము వంచి పూటంతా కూర్చుంటారు. తాడిపత్రి వైపు బండల ఫ్యాక్టరీలలో పనిచేసేవారు రోజంతా నాపరాళ్ళను ఎత్తి దించుతుంటారు. సాయంత్రానికి ఈ ముగ్గురికీ వచ్చే నొప్పి ఒకటి కాదు, అయినా మన ఇళ్ళలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ముందుగా చేసే పని పొయ్యి మీద ఉప్పు వేయించడమే. ఆ పనిలో తప్పు లేదు. అయితే కాపడం నొప్పిని కొద్దిసేపు సడలిస్తుందే తప్ప మాన్పదు. సడలిన ఆ కొద్దిసేపట్లో కీలును కదిలించి, దాని చుట్టూ ఉన్న కండను బలపరచుకుంటేనే ఉపశమనం నిలుస్తుంది. చాలామంది కాపడం కాగానే దుప్పటి కప్పుకుని పడుకుంటారు గనుక మరునాడు నొప్పి మళ్ళీ మొదటికి వస్తుంది.

ముందుగా నొప్పి ఎటువంటిదో గుర్తించాలి

అలవాటు లేని పని చేసినందువల్ల వచ్చే కండరాల నొప్పి మరునాడో మూడోనాడో ఎక్కువై, నాలుగైదు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. మోకాలి అరుగుదల వల్ల వచ్చే నొప్పి మెట్లు దిగేటప్పుడూ, నేల మీద నుంచి లేచేటప్పుడూ బాధిస్తుంది. ఉదయం లేవగానే కీలు బిగుసుకున్నట్లున్నా అరగంటలోపే సడలుతుంది. అలా కాక రెండు చేతుల వేళ్ళ కణుపులూ వాచి, ఉదయపు బిగువు గంటకు పైగా వదలకపోతే అది కీళ్ళవాతం కావచ్చు. దానికి ఇంటి వైద్యం చాలదు, మందులు ఎంత తొందరగా మొదలుపెడితే కీళ్ళు అంత భద్రంగా ఉంటాయి. జ్వరం తగ్గిన తరువాత కూడా నెలల తరబడి కీళ్ళు పట్టేస్తే చికున్‌గున్యాను అనుమానించాలి; 2006 ప్రాంతంలో ఆ జ్వరం రాయలసీమను చుట్టుముట్టినప్పుడు కర్ర పట్టుకుని నడిచినవారు ఆ బాధను ఇంకా మరచిపోలేదు.

మన జిల్లాలో ఇంకొక కారణాన్ని కూడా చూడవలసి ఉంటుంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించిన బోరు నీటిని ఏళ్ళ తరబడి తాగితే వెన్నూ, మెడా, కీళ్ళూ బిగుసుకుపోతాయి. ఇంట్లో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మరకలుండి, పెద్దలకు నడుము వంగకపోతే, తైలం వెతకడం కంటే ముందు తాగే నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవడం మంచిది. నీటిని కాచినందువల్ల ఫ్లోరైడు పోదు.

కాపడం పెట్టే పద్ధతి

ఇనుప పెనంలో రెండు పిడికిళ్ళ రాళ్ళ ఉప్పు వేసి, చిటపటలు ఆగేవరకు సన్నని మంటపై వేయించి, పాత పంచె గుడ్డను నాలుగు మడతలు వేసి అందులో మూట కట్టాలి. మూటను నేరుగా నొప్పి ఉన్నచోట పెట్టకుండా ముందుగా మీ మోచేతి లోపలివైపు ఆనించి చూసుకుని, హాయిగా ఓర్చుకోగలిగినంత వేడికి చల్లారిన తరువాతే వాడాలి. ఒకే చోట అదిమిపెట్టకుండా అద్దుతూ, తీస్తూ పదిహేను ఇరవై నిమిషాలు కాస్తే సరిపోతుంది. మూట చల్లారితే ఉప్పును మళ్ళీ వేయించుకోవచ్చు. ఉప్పుకు బదులు ఏటి ఇసుక వాడినా ఫలితం ఒకటే, ఎందుకంటే పనిచేసేది వేడి. వేడి తగిలినచోట రక్తప్రసరణ పెరిగి, బిగుసుకున్న కండ వదులవుతుంది.

వాగుల ఒడ్డునా, చేల గట్ల మీదా పెరిగే వావిలాకును నీటిలో మరిగించి, ఆ నీటితో బాలింతలకు స్నానం చేయించడం మనకు తెలిసినదే. ఒళ్ళంతా నొప్పులున్నప్పుడు ఉప్పు మూట కంటే ఈ స్నానమే మేలు, ఎందుకంటే వేడి ఒంటికంతటికీ ఒకేసారి అందుతుంది. రెండు గుప్పెళ్ళ ఆకును పెద్ద గిన్నెడు నీటిలో పది నిమిషాలు మరిగించి, వడగట్టి, చన్నీళ్ళు కలిపి ఓర్చుకోగలిగిన వేడికి తెచ్చుకుని పోసుకోవాలి.

మధుమేహం వల్ల పాదాలు తిమ్మిరెక్కేవారికి మాత్రం పాదాల మీద ఎటువంటి వేడి కాపడమూ పెట్టకూడదు. మా పెద్దమ్మకు ఇలాగే కాలికి ఇటుక కాపడం పెడితే, కాలిన సంగతి మరునాడు బొబ్బ చూసిన తరువాత గాని ఎవరికీ తెలియలేదు. కాలు మెలికపడి అప్పుడే వాచినచోట కూడా వేడి పనికిరాదు, దానివల్ల వాపు ఇంకా పెరుగుతుంది. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన మంచుముక్కలు, అవి దొరకకపోతే కుండనీటిలో తడిపిన గుడ్డ, పూటకొకసారి పదిహేను నిమిషాలు వేసి, కాలిని తలగడ మీద ఎత్తుగా ఉంచుకోవాలి. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ఏ కట్టు కట్టించుకోదలచినా ఎక్స్‌రే ముందు తీయించుకోవాలి.

తైలం

పావు లీటరు నువ్వుల నూనెలో ఒక గుప్పెడు వావిలాకును, నాలుగైదు చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలను వేసి, ఆకు గలగలలాడి నురుగు అణిగేవరకు సన్నని మంటపై కాచి, పొయ్యి మీద నుంచి దించి వడగట్టాలి. కర్పూరం వేయదలిస్తే నూనె గోరువెచ్చగా అయిన తరువాతే, మంటకు దూరంగా, చిటికెడు మాత్రమే కలపాలి. ఆ తైలాన్ని చిన్నపిల్లలకు పూయకూడదు, వారి చేతికి అందనీయకూడదు. మర్దన గట్టిగా చేస్తేనే గుణం కనిపిస్తుందని నమ్మి బాధతో కేకలు వేయించేవారున్నారు, అది సరికాదు. కండ మీద అరచేతితో నిదానంగా నిమరాలి, కీలు మీద వేళ్ళతో గుండ్రంగా రాయాలి, ఎర్రబడి వేడిగా ఉన్న కీలును ముట్టుకోనే కూడదు.

కాపడం తరువాతి పదిహేను నిమిషాలు

మోకాలి నొప్పికి మందులేని ఉపాయాలన్నింటిలో వ్యాయామానికే అధ్యయనాల బలం ఎక్కువగా ఉంది. తొడ ముందుభాగపు కండ గట్టిపడితే మోకీలు మీద పడే అదురును అది కొంత పంచుకుంటుంది. కుర్చీలో వెన్ను నిటారుగా ఉంచి కూర్చుని, ఒక కాలిని నెమ్మదిగా ముందుకు చాచి, తొడను బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించాలి. కాలికి పదిసార్లు చొప్పున పూటకు ఒక విడత చాలు. కూర్చోవడమే కష్టమైనవారు పడుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి దానిని కిందికి అదమవచ్చు. రెండు వారాల తరువాత, చేతుల ఆసరా లేకుండా కుర్చీలో నుంచి లేచి మళ్ళీ కూర్చోవడం అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచుకోవాలి. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా భయపడనక్కరలేదు. మరునాటి ఉదయానికి కూడా ఆ నొప్పి తగ్గకుండా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించాలి గాని మానేయకూడదు. మార్పు కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మన ఓపిక మాత్రం సాధారణంగా రెండో వారంలోనే అయిపోతుంది.

నడుము పట్టేసినవారు మంచం పట్టడం వల్ల బిగువు పెరుగుతుంది. ఒక రోజు విశ్రాంతి తీసుకుని, రెండో రోజు నుంచి ఇంట్లోనే నాలుగడుగులు వేయాలి. కడప బండలు పరచిన ఇళ్ళలో రోజంతా ఉత్త కాళ్ళతో తిరిగేవారికి ఉదయం మొదటి అడుగులోనే మడమ పొడిచినట్లుంటే, మంచం దిగక ముందే కాలి వేళ్ళను పది లెక్కపెట్టేవరకు వెనక్కి లాగి పట్టుకోవాలి, ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోవాలి. ఎండాకాలపు పొలంపనిలో పిక్కలు పట్టేస్తే నీడకు చేరి, కాలు చాచి పాదాన్ని ఒంటివైపు వంచి, ఉప్పు వేసిన మజ్జిగ గాని అంబలి గాని తాగాలి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బులున్నవారు ఉప్పు విషయంలో వైద్యుడి మాట వినాలి.

పని తీరు మార్చకుండా పై పనులన్నీ చేసినా లాభం సగమే. కలుపు తీసేటప్పుడు గొంతుక్కూర్చోవడానికి బదులు జానెడు ఎత్తు పీట వేసుకుని జరగవచ్చు, వీలుంటే పొడవాటి పిడి గల పనిముట్టుతో నిలబడి తీయవచ్చు. మగ్గం మీద కూర్చున్నవారు అరగంటకొకసారి లేచి, రెండు చేతులూ నడుము మీద ఆనించి వెనక్కి వంగాలి. బండ ఎత్తేవారు నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, బండను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి.

తిండి, పొడులు

అరిగిన కీలును తిరిగి పెంచే ఆహారం ఏదీ లేదు. కాని ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఎముకలకు కావలసిన కాల్షియం మన సంగటిలోనే ఉంది, 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాములు దొరుకుతుంది. అయితే బరువు తగ్గవలసినవారు సంగటి ముద్ద చిన్నది చేసుకుని, పప్పూ ఆకుకూరా ఎక్కువ కలుపుకోవాలి. పసుపును మిరియాలతో, కొద్దిపాటి నూనెతో కలిపి వండితే ఒంటికి బాగా పడుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు మాత్రం పసుపు గుళికలను సొంతంగా మొదలుపెట్టకూడదు.

రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుందని పేరూ చిరునామా లేకుండా అమ్మే పొడులను నమ్మకూడదు. అటువంటి కొన్నింటిలో స్టెరాయిడ్లు కలిసినట్లు పరీక్షల్లో తేలింది. వాటిని వాడినకొద్దీ ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం, కనుక ఆ పొట్లంతోనే వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి.

నడుము నొప్పితో పాటు కాలు చచ్చుబడినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, పడిన తరువాత కాలు మీద బరువు మోపలేకపోయినా, జ్వరంతో ఒక కీలు ఎర్రగా, వేడిగా వాచినా ఉప్పు వేయించుతూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.