స్టీల్ గిటార్‌కీ వయొలిన్‌కీ ఒకే ర్యాక్: నా అనుభవం

పెళ్లి కచేరీల్లో నాది హవాయియన్ స్టీల్ గిటార్, మా బావది వయొలిన్. ఆటోలో రెండో పెట్టెకి చోటుండదు కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో టీసీ ఎలక్ట్రానిక్ ఎం-వన్ తీసుకున్నాం. ధ్వనికి ప్రతిధ్వని లాంటి ఎఫెక్టులు జోడించే ర్యాక్ పెట్టె ఇది. అందులో ఎఫెక్టులు తయారుచేసే ఇంజిన్లు రెండు. డ్యుయల్ మోనో అనే సెట్టింగ్‌లో పెడితే ఎడమ ఇన్‌పుట్ ఒకదానికి, కుడిది రెండోదానికి విడివిడిగా వెళ్తాయి. కొనేముందు చూడాల్సింది ఇదే, రెడీమేడ్ ఎఫెక్ట్ ప్రోగ్రాములు ఎన్నున్నాయని కాదు.

గిటార్ బానే పలికింది. వయొలిన్ మాత్రం రేకు గీకినట్టుంది. బావ తీగలు మార్చాడు, కమానుకి రాసే రోజిన్ మార్చాడు, నా మీద విసుక్కున్నాడు కూడా. అసలు గొడవ పికప్‌ది, అంటే వయొలిన్ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్కది. బావది పీజో రకం. దానికి మెగాఓమ్ (పది లక్షల ఓమ్‌లు) దాకా ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, ఉన్న ఇన్‌పుట్ కావాలి. ర్యాక్ లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది వేల ఓమ్‌లే. దాంతో మంద్రం కాస్తా ఎగిరిపోతుంది. మధ్యలో పికప్‌కి సరిపడే ఇన్‌పుట్ ఉన్న చిన్న ప్రీయాంప్ పెట్టగానే నాలుగో తీగ నిండుగా మోగింది.

గిటార్‌కి వాల్యూమ్ పెడల్ ర్యాక్‌కి ముందుంచాను. పెడల్ మూసినా డిలే (స్వరం కాస్త ఆగి మళ్లీ వినిపించే ఎఫెక్ట్) మధ్యలో తెగిపోదు. వయొలిన్‌కి సెకనున్నర రివర్బ్ (హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) చాలు, మించితే గమకాలు కలగాపులగమే.

విశాఖలో ఇంకో బెడద ఉప్పుగాలి. ఆర్కే బీచ్ వైపు వాయించొస్తే జాక్‌లు గరగరమంటాయి. కాంటాక్ట్ క్లీనర్ కొడుతున్నాం, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పడేశాం.